గుంతల్లో టక్ టక్ శబ్దం: షాకబ్జార్బర్లు ఇప్పుడే మార్చకండి

అన్నా, మీ 2008 శాంట్రో కారు కావలి హైవే మీద బాగానే ఉండి, ఊళ్లో గుంతలు వచ్చేసరికి ముందు ఎడమవైపు టక్ టక్ మంటోందన్నారు. షాకబ్జార్బర్ల మీద ఆయిల్ చెమ్మ కూడా లేదంటున్నారు కాబట్టి నా అనుమానం లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌ల మీదే, అంటే ఆ ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు దిమ్మల మీదే.

బండిని జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టాకే కిందికి దూరండి. ఆర్మ్ సందులో టైర్ లివర్ పెట్టి కదపండి. రబ్బరు చీలి, లోపలి ఇనుప గొట్టం పక్కకి జరిగితే బుష్ అయిపోయినట్టే. నా బండిలో ఆ చీలికలో వేలిగోరు దూరింది. తర్వాత బానెట్ ఎత్తి స్ట్రట్ మౌంట్ (ముందు షాకబ్జార్బర్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేది) మీద చెయ్యి ఆనించి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. చేతికి ఎగిరినట్టు తగిలితే మౌంట్, బేరింగ్ కూడా మార్చాలి. మౌంట్ మాత్రం ఇంట్లో విప్పొద్దు. స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్ తీస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బుష్‌లు రెండు వైపులా మార్పించండి. దగ్గరుండి ఒకటి చూసుకోండి: బండి గాల్లో ఉండగా ఆర్మ్ బోల్టులకు చివరి బిగింపు ఇవ్వకూడదు. చక్రాలు నేలకు ఆని బరువు పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఒంగోలులో ఒక షెడ్డులో నాకిదే జరిగింది, కొత్త బుష్‌లు ఆరు నెలలు కూడా ఆగలేదు. గ్రీజు పూస్తామన్నా వద్దనండి, రబ్బరు ఉబ్బుతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరిగా చేయించండి.