నాలుగేళ్ల బాబు గాజులు, వంట బొమ్మలు అడుగుతుంటే

మీ బాబు అక్క గాజులు వేసుకుంటానంటున్నాడు, ఎప్పుడూ వంట సెట్టుతోనే ఆడుతున్నాడు, అత్తగారేమో 'ఆడంగి అయిపోతాడు' అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. ముందు టెన్షన్ పడకండి. మాది నెల్లూరు, నాకూ పాప తర్వాత బాబే, ఈ మాటలన్నీ మా ఇంట్లోనూ విన్నాను.

మా అత్తమ్మ దగ్గర డాక్టర్ల మాటలు పనిచేయవు. అందుకని పాత ఆల్బమ్ తీశాను. పెంచలకోనలో పుట్టువెంట్రుకలు తీయించబోయే ముందు మా ఆయనకు జడ వేసి, కనకాంబరాలు పెట్టి, గౌను తొడిగి స్టూడియోలో తీయించిన ఫోటో ఉంది అందులో. మన వైపు ఇలాంటి ఫోటో లేని ఇల్లు తక్కువే కదా! "ఆ గౌను వేసినందుకు మీ కొడుక్కి ఏమైంది అత్తమ్మా?" అన్నాను. నవ్వేసింది. ఒప్పుకుందని చెప్పను, గాజుల గొడవ మాత్రం ఆగింది. మట్టిగాజులు పగిలితే గుచ్చుకుంటాయి, ప్లాస్టిక్‌వి ఇవ్వండి.

వంట ఆటకు మేం ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు ఇచ్చాం (ఫోర్కులు వద్దు, మొనలుంటాయి). గులాబీ రంగూ లేదు, నీలం రంగూ లేదు, ఇద్దరూ కొట్టుకుని మరీ ఆడతారు. ఎవరైనా ఎగతాళి చేస్తే, పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర నిలబడేది ఎవరో ఒకసారి గుర్తు చేయండి.

ఇంకో సంగతి. పిల్లలకు రెండు మూడేళ్లకే తాము ఆడో మగో చెప్పడం వస్తుంది. కానీ బట్టలు, జుట్టు మారినా ఆ సంగతి మారదని గట్టిగా అర్థమయ్యేది సుమారు ఆరేడేళ్లకు. అందుకే ఈ మధ్య వయసులో చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే రూల్స్ పెడతారు. మా పాప ఎల్‌కేజీలో ప్యాంటు ముట్టుకోలేదు, అన్నీ గులాబీ గౌన్లే. వేసుకోనిచ్చాం. బలవంతంగా ప్యాంటు తొడగడమూ పెత్తనమే, ఆధునికం అని పేరు పెట్టుకున్నంత మాత్రాన తేడా ఏముంది? ఒక్క విషయంలోనే పట్టుబట్టాను: మైపాడు బీచ్‌కి, ఆటలకి వెళ్లేటప్పుడు పరుగెత్తడానికి వీలైన బట్టలే. పట్టులంగా జరీ గుచ్చుకుంటుంటే ఏ పిల్ల గెంతుతుంది? అక్కకు పొట్టివైన టీషర్టులు తమ్ముడే వేసుకుంటాడు, పువ్వులున్నవి కూడా. డబ్బూ మిగులుతుంది.

నిజానికి బట్టలకన్నా, బొమ్మలకన్నా ఎక్కువ నాటుకునేవి మాటలు. 'మగపిల్లాడివి, ఏడుస్తావా', 'ఆడపిల్లవి, సరిగ్గా కూర్చో'. చుట్టాలు అన్నప్పుడు వాళ్లతో వాదన పెట్టుకోను. పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుని "నొప్పిగా ఉందా? ఏడువు నాయనా" అంటాను, వాళ్లు వినేలాగే.

మీ ఆయన ఏమంటున్నారో మీరు రాయలేదు. అత్తగారితో ఈ మాట మీరు కాకుండా ఆయన చెబితే మేలు. కోడలు అంటే పొగరు అవుతుంది, కొడుకు అంటే కనీసం వింటారు.