ఫొటో నుంచి పొరల కాగితపు బొమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫొటోను ఎలక్ట్రానిక్ కటింగ్ మెషీన్‌తో పొరలు పొరలుగా కోసి, ఒకదానిపై ఒకటి అతికించే పని గురించి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మమ్మ ఫొటోను ఐదు పొరల్లో చేద్దామని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించానండీ. వందలకొద్దీ చుక్కలు, చిల్లర ముక్కలు వచ్చాయి. ముఖం పోలికే లేదు. ఎక్కడ తప్పు చేశాను? (కాకినాడ)

జవాబు: మీ మెషీన్ బాగానే ఉందండీ, తేడా ఫొటోలో ఉంది. మెషీన్‌కు ముఖం తెలియదు, గీత ఒక్కటే తెలుసు. వెలుగునీడలు ఎక్కడ విడిపోవాలో ముందే మనం తేల్చి ఇవ్వాలి. ఫ్లాష్ వేసి ఎదురుగా తీసిన ఫొటోలో ముఖమంతా ఒకే తెలుపు. అలాంటిదాన్ని పొరలుగా విడదీస్తే ముక్కు మాయమై, ముక్కుపుటాలు రెండు చుక్కలుగా మిగులుతాయి. కిటికీ పక్కన కూర్చోగా తీసిన ఫొటో వెతకండి. ఒక చెంప వెలుగులో, రెండోది నీడలో ఉంటే ముక్కు గీత దానంతటదే వస్తుంది.

ఫొటో దొరికాక వెనకున్న గోడ, కుర్చీ లాంటివన్నీ చెరిపేయండి. కాంట్రాస్ట్ పెంచి, కొద్దిగా బ్లర్ చేయండి. బ్లర్ ఎందుకంటే చర్మం మీది గరుకు, చీర నేతలోని గళ్లు ఇవే చుక్కలుగా మారతాయి. తర్వాత ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పాత్ మెనూలోని ట్రేస్ బిట్‌మ్యాప్‌కు వెళ్లండి. ఫొటోను గీతలుగా మార్చేది అదే. మల్టీకలర్‌లో బ్రైట్‌నెస్ స్టెప్స్ ఎంచుకుని స్కాన్‌లు 4 పెట్టండి. అడుగున వేసే నిండు తెల్ల కాగితంతో కలిపి ఐదు పొరలవుతాయి. స్పెకిల్స్ విలువను 30, 40 దాకా పెంచితే చుక్కలు చాలావరకు రాలిపోతాయి. ఈ పద్ధతిలో పైకి వెళ్లేకొద్దీ పొర ముదురవుతుంది, చిన్నదవుతుంది. జుట్టు, కనుపాపలు అన్నిటికన్నా పైన వస్తాయి. వెలుగును బట్టి విడదీసినా, రంగులను బట్టి విడదీసినా స్టాక్ గడిలో టిక్ తప్పనిసరి. అది లేకపోతే పై పొర కింద కాగితం ఉండదు. అతికించేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా సందు కనబడుతుంది.

విడిపోయిన పొరలన్నిటికీ ఒకే కొలత చట్రం గీసి పాత్ మెనూలోని యూనియన్‌తో కలిపేయండి. పొరలు కుదురుగా కూర్చునేది ఆ చట్రం వల్లే. ఫైలును ఎస్‌వీజీగా (గీతలను దాచే ఫైలు రకం) దాచుకోండి. మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే చట్రం కొలత చూడాలి, ఒక్కోసారి మారిపోతుంది. సరిచేయాల్సి వస్తే అన్ని పొరలనూ కలిపి ఎంచుకుని ఒకేసారి మార్చండి. సిల్హౌట్ మెషీన్లతో వాడే సిల్హౌట్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ ఎస్‌వీజీని తెరవదు. అది వాడేవారు డీఎక్స్‌ఎఫ్ అనే మరో ఫైలు రకంగా దాచాలి.

ప్రశ్న: పై పొరలో కళ్లు, పెదవులు చట్రానికి అంటుకోకుండా విడి ముక్కలుగా వస్తున్నాయి. వాటిని సరైన చోట అతికించడం నా వల్ల కావడం లేదు. (నల్గొండ)

జవాబు: రెండు దారులున్నాయి. మొదటిది, ఆ ముక్కను పక్కనున్న జుట్టుకో నీడకో సన్నని వంతెన గీసి కలిపేయడం. ముగ్గుల డబ్బా మూత చూడండి, చిల్లుకీ చిల్లుకీ మధ్య రేకు వదిలేస్తారు. ఇక్కడా అదే లెక్క. ఏ4 సైజు బొమ్మలో వంతెన వెడల్పు 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తెర మీద 2 మిల్లీమీటర్ల వృత్తం గీసి సన్నటి చోట్లన్నిటి మీదా జరిపి చూడండి. వృత్తం బయటికి వచ్చిందంటే అక్కడ కాగితం చిరుగుతుంది. సైజు ఖరారయ్యాకే ఇది చేయాలి. తర్వాత బొమ్మను సగానికి కుదిస్తే వంతెనా సగమవుతుంది.

కళ్లకు వంతెన వేస్తే ముఖం చెడుతుంది. అక్కడ రెండో దారే మేలు. కోశాక మిగిలిన చిల్లుల కాగితాన్ని పారేయకండి. దాన్ని కింది పొర మీద చట్రం అంచులు కలిసేలా పరిచి టేపుతో ఆపండి. ముక్క వెనక చుక్క జిగురు రాసి, దాని చిల్లులో దించండి. రెండు నిమిషాలు ఆగి పై కాగితం ఎత్తేస్తే కన్ను కన్నుచోటే ఉంటుంది.

ప్రశ్న: వానాకాలం వచ్చాక మూలలు చిరుగుతున్నాయి. బ్లేడు మార్చినా అంతే. (విశాఖపట్నం)

జవాబు: అయితే కాగితానికి చెమ్మ తగిలింది. మెత్తబడ్డ కాగితాన్ని బ్లేడు కోయదు, లాగుతుంది. 200 నుంచి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కార్డ్‌స్టాక్‌ను, అంటే దళసరి కాగితాన్ని, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో ఉంచి, కోసే ముందే బయటికి తీయండి. కాగితాన్ని అంటించి మెషీన్‌లోకి పంపే మ్యాట్ మీది జిగురు తగ్గినా మూల లేచి చిరుగుతుంది. మ్యాట్‌ను గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. బ్లేడు గొట్టంలో కాగితం పీచు ఇరుక్కుందేమో కూడా చూడండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచుట్టి, బ్లేడు మొనను అందులో పదిసార్లు గుచ్చితే పీచు వచ్చేస్తుంది.

పెద్ద బొమ్మకు ముందు ఓ మూలన చిన్న త్రికోణం కోసి చూడండి. అసలు బొమ్మ పూర్తయ్యాక మ్యాట్‌ను బయటికి తీయకుండానే ఒక అంచు ఎత్తి చూడాలి. తెగలేదంటే అలాగే రెండోసారి కోయించవచ్చు. మ్యాట్ ఒక్కసారి బయటికొచ్చిందంటే మళ్లీ అదే గీత మీదికి తేవడం కష్టం. తీసేటప్పుడు మ్యాట్‌ను బోర్లా తిప్పి, కాగితాన్ని బల్లకు అదిమిపెట్టి మ్యాట్‌ను వెనక్కి ఒలవండి. కాగితాన్ని లాగితే చుట్టుకుపోతుంది.

ప్రశ్న: వెనక ఎల్‌ఈడీ లైటు పెడితే రంగులన్నీ నల్లగా కనిపిస్తున్నాయి. పొరల మధ్య ఎంత దూరం ఉండాలి? (హైదరాబాద్)

జవాబు: ముదురు కార్డ్‌స్టాక్ వెలుగును ఆపేస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రంగులు మెరిసేది పల్చటి తోలులోంచి, చిల్లుల్లోంచి దీపం వెలుగు రావడం వల్లే. లైటు బొమ్మకు అన్ని పొరలూ తెల్ల కాగితంతోనే చేయండి, 120 నుంచి 160 జీఎస్‌ఎం చాలు. ఒకే పొర ఉన్నచోట వెలుగు, నాలుగైదు కలిసినచోట చీకటి. నీడను కాగితం మందమే ఇస్తుంది.

లైటు లేని బొమ్మకు 2 మిల్లీమీటర్ల ఫోమ్ టేపు సరిపోతుంది. ఐదు పొరల మధ్య నాలుగు సందులకు 8, కాగితాలకు ఒకటిన్నర, మొత్తం దాదాపు 10 మిల్లీమీటర్లు. ఫ్రేము లోతు అంతకన్నా ఎక్కువ ఉండాలి. లైటు బొమ్మకు సందు 5 మిల్లీమీటర్లయితే నీడలు మెత్తగా పడతాయి. ఫోమ్ టేపును చట్రం అంచుల కిందే అంటించండి, బొమ్మ మధ్యలో అంటిస్తే ఆ టేపు నీడ ముఖం మీద కనబడుతుంది.