నాన్నకు వేరే కంచం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నకు 69 ఏళ్లు. రిటైర్డ్ టీచర్. తెనాలి దగ్గర పల్లెలో అమ్మతో ఉంటారు. నడుంనొప్పి తగ్గడం లేదని చూపిస్తే మల్టిపుల్ మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. వారం వారం ఇంజెక్షన్, ఇంట్లో మాత్రలు. ఆయనకు మాత్రం 'రక్తం తగ్గింది' అని చెప్పాం. అమ్మ కంచం, గ్లాసు వేరు చేసింది, మనవల్ని దగ్గరికి పోనివ్వదు. అన్నయ్య కూతురికి సంబంధాలు చూస్తున్నాం, బయట ఎవరికీ చెప్పొద్దంటాడు అన్నయ్య. నాన్న గడప దాటడం మానేశారు. ఒకరోజు అందరి మీదా అరుస్తారు, ఇంకోరోజు నోరు విప్పరు. "నా మీద డబ్బు తగలేయకండి" అంటున్నారు. ఇది డిప్రెషనా? ఆయనకు నిజం చెప్పొచ్చా?

జవాబు: ముందు ఆ కంచం సంగతి తేల్చేద్దాం. మైలోమా అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరగడం. ఎంగిలి తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, మనవడు తాత పక్కన పడుకున్నా అది ఎవరికీ అంటదు. ఇన్ఫెక్షన్ల ముప్పు ఉన్నది ఆయనకే, ఆయన వల్ల మీకు కాదు. కాబట్టి పిల్లలకు జలుబో దగ్గో ఉంటే ఆ నాలుగు రోజులూ వాళ్లను ఆపండి, మిగతా రోజుల్లో తాత ఒళ్లో కూర్చోనివ్వండి. ఆయనకు జ్వరం 100.4 దాటితే మాత్రం తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాగే ఆయన మాత్రల్లో లెనాలిడోమైడ్ ఉంటే ఇంట్లో గర్భిణులెవరూ దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. అమ్మగారిని కోప్పడకండి. 'ఆయన వస్తువులు శుభ్రంగా ఉంచండి' అని ఎవరో చెప్పిన మాటని ఆవిడ తిరగేసి అర్థం చేసుకుని ఉండొచ్చు. ఈసారి ఆసుపత్రికి ఆవిడనీ తీసుకెళ్లండి, డాక్టరు నోటితో వింటే నమ్ముతారు.

ఇక నిజం చెప్పడం గురించి. వారం వారం క్యాన్సర్ వార్డులో కూర్చుని ఇంజెక్షన్ వేయించుకునే మాస్టారికి గోడ మీద బోర్డు చదవడం రాదనుకుంటున్నారా? చాలావరకు ఆయనకు తెలిసే ఉంటుంది, మీరు బాధపడతారని ఆయన, ఆయన తట్టుకోలేరని మీరు, ఇద్దరూ నటిస్తున్నారు, ఈ నటనలో ఆయన ఒంటరైపోయారు. పైగా మన పాత సినిమాల పుణ్యమా అని బ్లడ్ క్యాన్సర్ అంటే దగ్గగానే రుమాలులో రక్తం, ఆ వెంటనే ఫొటోకి దండ. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆయన మనసులో ఆడేది ఆ బొమ్మే. అసలు సంగతి వేరు. మైలోమా చాలామందిలో పూర్తిగా పోదు గానీ మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉంచొచ్చు, తిరగబెడితే వాడటానికి వేరే మందులున్నాయి. "నాన్నా, మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?" అని మొదలుపెట్టండి. అడిగినంత చెప్పండి, అడగనిది రుద్దకండి. 'వద్దు, ఆ విషయాలన్నీ నువ్వే చూసుకో' అంటే అదీ ఆయన ఇష్టమే. "ఏ పాపం చేశానో" అంటే మాత్రం ఊరుకోవద్దు, ఇది ఎక్కువగా 60 దాటాక వచ్చే జబ్బు, ఆయన చేసిన పనులకూ దీనికీ సంబంధం లేదు.

డిప్రెషనా అన్నారు. కావచ్చు, కానీ ముందు క్యాలెండర్ చూడండి. మైలోమా మందులతో పాటు దాదాపు అందరికీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది వేసుకున్న రోజు, ఆ మర్నాడు నిద్ర పట్టదు, చిరాకు, కోపం, తర్వాత ఒక్కసారిగా నీరసపడిపోతారు. అరిచే రోజులు, మౌనంగా ఉండే రోజులు రెండు వారాలు రాసిపెట్టి డాక్టరుకి చూపించండి, పొద్దున్నే టిఫిన్ చేశాక వేసుకోమనొచ్చు, మోతాదు మార్చొచ్చు. మీ అంతట మీరు ఆపేయకండి. రక్తహీనత, థైరాయిడ్, నొప్పి, రక్తంలో కాల్షియం పెరగడం కూడా మనిషిని ఇలాగే దిగలాగేస్తాయి (కాల్షియం పెరిగితే మగతగా, తికమకగా కూడా ఉంటారు), ఈ పరీక్షలన్నీ మామూలుగా చేసేవే. ఇవన్నీ సరిచూశాక కూడా రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, మనవల్ని చూసినా ముఖం వికసించకుండా, నేను అందరికీ భారం అనే మాటే మళ్లీ మళ్లీ వస్తుంటే అది డిప్రెషనే అనుకుని సైకియాట్రిస్టుకి చూపించాలి. ఈ వయసులో మందులు బాగానే పనిచేస్తాయి, కాకపోతే క్యాన్సర్ మందుల చీటీ ఆ సైకియాట్రిస్టుకి తప్పకుండా చూపించాలి.

"డబ్బు తగలేయకండి" అన్నది కొంత డబ్బు బెంగే, ప్రభుత్వ పథకంలో ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని అడిగి లెక్క ఆయన ముందే పెట్టండి. కానీ దాని వెనక చావు ఆలోచన ఉందేమో సూటిగా అడగాలి. అడిగితే కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు ఉంటే తీసేయండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ అన్నయ్యగారికి ఒక మాట. మైలోమా తాత నుంచి మనవరాలికి వారసత్వంగా దిగే రకం జబ్బు కాదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ముప్పు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ, అయినా అది చాలా చిన్నదే. పెళ్లివారు అడిగితే ఇదే చెప్పొచ్చు, అడగకపోతే ఊరంతా చాటాల్సిన పనీ లేదు. పెళ్లిచూపుల రోజున మాత్రం ఆయన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేయకండి, హాల్లో పెద్దమనిషిగా కూర్చోబెట్టండి.