జెండా మారిన రోజు, ఊరు మారిన రోజు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది, ఆసాంతం చదివాను. ఇప్పటి ఉత్తర గ్రీసులోని థెస్సలొనీకి అనే ఊరి పేరు మన పాఠకుల్లో చాలామందికి పౌలు రాసిన పత్రికల వల్లే తెలుసు. బైబిలు మూసేశాక ఆ రేవుపట్నం ఏమైందో తెలుగులో తీరిగ్గా చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. ఆ పని నువ్వు తలకెత్తుకున్నావు, సంతోషం. వాక్యం మీద నీకు పట్టు ఉంది, పాఠకుణ్ణి నిద్రపుచ్చవు. నా పేచీ అంతా విషయసూచికతోనే.

మాసిడోనియా, రోము, బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), వెనిస్, ఒట్టోమన్ (తురుష్క సుల్తానులు), గ్రీసు అని పాలనకొక అధ్యాయం పెట్టావు. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు అని వరసగా వల్లెవేసి పెరిగినవాళ్ళం కాబట్టి మన చెయ్యి దానంతటదే అటు పోతుంది. కానీ ఈ ఊరికి ఆ కొలత కుదరదు. ఇక్కడ జెండా మారిన రోజులు వేరు, ఊరు మారిన రోజులు వేరు. ఆ రెండూ నిజంగా కలిసి వచ్చింది బహుశా ఒక్క 1430లోనే. నువ్వు పాలకుల వెంట నడిచావు కాబట్టి పెద్ద సంగతులన్నీ అధ్యాయాల నడుమ ఎక్కడో నలిగిపోయాయి.

390వ సంవత్సరమే చూడు. రోమన్ చక్రవర్తి గలేరియస్ కట్టించిన విజయతోరణం గురించి, రొటుండా అనే గుండ్రటి కట్టడం గురించి పేజీలకు పేజీలు రాశావు. (రొటుండా గోడల మందం ఆరు మీటర్లకు పైనే అన్న మాట బాగుంది, ఉంచు.) ఆ వెంటనే థియోడోసియస్ చక్రవర్తి కాలంలో కొంత అశాంతి నెలకొందని ఒక్క వాక్యంతో దాటేశావు. అది అశాంతి కాదమ్మా. జనం మెచ్చిన రథసారథి ఒకణ్ణి చెరలో వేశారని ఊరు తిరగబడి బుతెరిక్ అనే సేనాధిపతిని చంపింది. అందుకు ప్రతీకారంగా చక్రవర్తి సైనికులు పందేల మైదానంలో జనాన్ని ఊచకోత కోశారు. చనిపోయినవాళ్ళు 7,000 మందని చర్చి చరిత్రకారుడు థియోడొరెట్ రాశాడు. ఆ అంకెను నువ్వు నమ్మినా నమ్మకపోయినా, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ సాక్షాత్తూ చక్రవర్తి చేతనే ప్రాయశ్చిత్తం చేయించాడంటే సంగతి ఎంతదూరం పోయిందో అర్థమవుతుంది. చంపించినవాడు పరాయివాడు కాదు, సొంత ప్రభువు. ఇది ఒక్క వాక్యానికి సరిపోయే విషయమా?

904 సంగతీ అంతే. ట్రిపోలీ నుంచి లియో అనే నౌకాధిపతి అరబ్బు ఓడలతో వచ్చిపడ్డాడు. అతను పుట్టుకతో బైజాంటైన్ క్రైస్తవుడు, చెరపట్టుబడి ఇస్లాంలోకి మారినవాడు. సముద్రం వైపు గోడ పొట్టిదని కనిపెట్టి, ఓడలను జంటలుగా కట్టి, వాటి మీద కొయ్య బురుజులు నిలిపి, గోడ కన్నా ఎత్తు నుంచి ఊరి మీదికి దూకించాడు. మూడు రోజుల్లో పని ముగిసింది. చెరపట్టిన 22,000 మందిని ఓడలకెక్కించాడని ఆ చెరలోనే ఉన్న కమినియాటిస్ అనే మతాధికారి రాసుకున్నాడు. లియో ఊరిని ఏలడానికి రాలేదు, దోచుకుని పోయాడు. సింహాసనం మీద బైజాంటైన్ చక్రవర్తే ఉన్నాడు. అందుకే నీ విషయసూచికలో 904కు చోటు దొరకలేదు. రాజు మారలేదు కనుక ఏమీ జరగనట్టే లెక్క! ఆ ఓడల్లో ఉన్నవాళ్ళను అడిగితే వేరే లెక్క చెబుతారు.

ఇక ఒట్టోమన్ల అధ్యాయానికి వస్తాను. ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే పుస్తకానికి ప్రాణం ఇక్కడుంది. 1423లో బైజాంటైన్లు ఊరిని వెనిస్ చేతిలో పెట్టారు. ఒట్టోమన్ల ఏడేళ్ళ ముట్టడిలో తిండి లేక జనం ఊరు వదిలిపోయారు. 1430 మార్చిలో సుల్తాను రెండో మురాద్ ప్రవేశించేనాటికే ఊరు సగం ఖాళీ. ఉన్నవాళ్ళలో చాలామంది బానిసలయ్యారు. తర్వాత మురాదే కొందరిని విడిపించి వెనక్కి రప్పించాడు, దగ్గర్లోని యెనిజె వార్దార్ పట్నం నుంచి తురుష్కులను తెచ్చి కాపురం పెట్టించాడు. ఇదంతా నువ్వు రాశావు. కానీ అక్కడితో విజయగాథ ముగించి నేరుగా కోటగోడల మరమ్మతులకు వెళ్ళిపోయావు.

నువ్వు చూడాల్సింది 1478 నాటి పన్నుల లెక్కల పుస్తకం. అందులో ముస్లిం గడపలు 862, క్రైస్తవుల గడపలు 1,275. యూదుల గడప ఒక్కటీ లేదు. సుమారు 1520 నాటికి మళ్ళీ లెక్క చూస్తే ఊళ్ళో సగానికి పైగా యూదులే. నడుమ జరిగిందేమిటి? ఈ ఊళ్ళో ఏ యుద్ధమూ లేదు, పాలకవంశమూ అదే. ఎక్కడో మధ్యధరా సముద్రానికి ఆ కొసన, 1492లో స్పెయిన్ రాజదంపతులు తమ దేశపు యూదులను వెళ్ళగొట్టారు. వాళ్ళు ఓడలెక్కి వచ్చి ఇక్కడ దిగారు. ఊరు మొత్తం మారిపోయింది, జెండా కదలలేదు.

దిగినవాళ్ళు ఎలా బతికారో చెప్పు. ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో ప్రార్థనాలయం కట్టుకుని దానికి తాము పోగొట్టుకున్న ఊరి పేరే పెట్టుకున్నారు: అరగాన్, కస్టీల్, కటలాన్, లిస్బన్, సిసిలియా. ఉన్ని బట్టలు నేశారు, సుల్తాను జానిసరీ సైనికుల దుస్తులకు కావలసిన గుడ్డ వీళ్ళ మగ్గాల మీదే తయారైంది. పన్ను కూడా గుడ్డ రూపంలోనే కట్టేవారు. రేవులో మూటలు మోసిన కూలీలూ వాళ్ళే. అందుకే శనివారం రేవు మూతపడేది. పాలించేవాడిది శుక్రవారం, ఊళ్ళో పాత కాపులది ఆదివారం, ఓడలు ఆగేది మాత్రం శనివారం. ఈ ఒక్క సంగతి చాలు, ఊరు ఎవరి చేతుల మీదుగా నడిచిందో చెప్పడానికి. గ్రీకు ప్రభుత్వం ఆదివారం సెలవు తప్పనిసరి చేసింది 1920లలో. అంటే జెండా మారిన చాలాకాలానికి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ అధ్యాయం రాస్తున్నప్పుడు నీ కలం సర్వమత సామరస్యం అనే మాట వైపు జారుతుంది. జారనివ్వకు. పక్కపక్కన బతకడం వేరు, సమానంగా బతకడం వేరు. ముస్లిమేతరులు తలపన్ను కట్టేవారు. 1821లో గ్రీకుల తిరుగుబాటు మొదలవగానే ఈ ఊళ్ళో గ్రీకులను నరికారు. 1876లో ఒక అమ్మాయి మతమార్పిడి గొడవలో ఫ్రెంచి, జర్మన్ కాన్సుళ్ళిద్దరినీ గుంపు కొట్టి చంపింది. అలాగని ఒట్టోమన్లంటే చీకటియుగం అని రాసే రకం పుస్తకాలూ ఉన్నాయి, అవి మరీ అన్యాయం. స్పెయిన్ గెంటేసినవాళ్ళకు చోటిచ్చింది ఈ సుల్తానులే కదా.

పాలనలు మారిన సంగతి అసలు రాయొద్దని నేననడం లేదు. కానీ దాన్ని సింహాసనం దగ్గర నుంచి కాక రాతి దగ్గర నుంచి రాయి. అహిరోపియితోస్ అని ఐదో శతాబ్దపు చర్చి ఉంది. జయించగానే మురాద్ దాన్ని మసీదు చేశాడు. లోపల ఉత్తరం వైపు పాలరాతి స్తంభాల వరసలో ఒకదాని మీద, సుల్తాన్ మురాద్ హిజ్రీ 833లో (అంటే 1430లో) థెస్సలొనీకిని గెలిచాడని అరబ్బీ లిపిలో చెక్కారు. ఆ కట్టడం ఇప్పుడు మళ్ళీ చర్చి. అక్షరాలు మాత్రం స్తంభం మీదే ఉన్నాయి. నువ్వు ఆ చర్చిని నిర్మాణశైలి అనే ఉపశీర్షిక కింద పెట్టి పైకప్పు గురించి రాశావు. పైకప్పు తర్వాత, ముందు ఆ స్తంభం దగ్గరికి పాఠకుణ్ణి తీసుకెళ్ళు.

1912 మీద నీకు మోజు ఎక్కువగా ఉంది. బాల్కన్ యుద్ధంలో గ్రీకు సైన్యం రావడం, ఒట్టోమన్ సేనాని హసన్ తహసీన్ పాషా లొంగిపోవడం, ఒక్క రోజు ఆలస్యంగా వచ్చిన బల్గేరియన్లు ఉసూరుమనడం, అన్నీ నాటకంలా ఉన్నాయి. కానీ మర్నాడు బజారులో మనుషులు వాళ్ళే. 1913లో కొత్త ప్రభుత్వం జనాభా లెక్క తీస్తే దాదాపు 1,58,000 మందిలో యూదులు 61,000 పైన, ముస్లింలు 46,000 దగ్గర, గ్రీకులు 40,000 దగ్గర తేలారు. గెలిచినవాళ్ళు మూడో స్థానంలో ఉన్నారు! ఊరు గ్రీకు ఊరు కావడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. అది మూడు దెబ్బల్లో జరిగింది, మూడూ ఒకే ప్రభుత్వం చేసినవి కావు, మొదటిదైతే ఎవరూ చేసింది కాదు.

1917 ఆగస్టులో పైపేటలోని ఒక కాందిశీకుల ఇంట్లో వంటగది నిప్పు అంటుకుని, గాలికి రేవుదాకా పాకింది. 32 గంటలు మండింది, 70,000 మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది యూదులు. కాలిన చోట ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎర్నెస్ట్ ఎబ్రార్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి కొత్త నక్షా గీశాడు, స్థలాలు వేలానికి వెళ్ళాయి, పాత ఇరుకు సందులతోపాటు పాత హక్కుదారులూ పోయారు. తర్వాత 1923 జనమార్పిడి: మతమే గీటురాయిగా ముస్లింలు టర్కీకి, అక్కడి క్రైస్తవులు ఇటు. 17వ శతాబ్దంలో యూదమతం నుంచి ఇస్లాంలోకి మారిన దొన్మెలు కూడా ముస్లింల లెక్కలోనే వెళ్ళిపోవాల్సి వచ్చింది. వాళ్ళకోసం 1902లో కట్టిన కొత్త మసీదు తరవాత పురావస్తు ప్రదర్శనశాల అయింది. ఊళ్ళోని మీనార్లు కూలగొట్టేశారు, రొటుండా పక్కనున్నది మిగిలింది.

మూడో దెబ్బ, జర్మన్ల ఆక్రమణలో ఊరి యూదులను తరలించిన 1943 గురించి నువ్వు సరిగానే రాశావు, సంయమనం ఉంది. ఒక్కటే మార్పు. మార్చి 15న మొదటి రైలు కదిలింది అన్నదానితో మొదలుపెట్టకు. 1942 డిసెంబరుతో మొదలుపెట్టు. యూదుల శ్మశానాన్ని అప్పుడు కూల్చారు. తరతరాల సమాధిరాళ్ళను మెట్లకు, గోడలకు, రోడ్లకు వాడుకున్నారు. చేతులు జర్మన్లవి మాత్రమే కావు, స్థానిక అధికారులకూ ఆ స్థలం మీద కన్నుంది. ఇప్పుడక్కడ విశ్వవిద్యాలయం ఉంది. బతికున్నవాళ్ళను నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కు పంపింది ఆ తర్వాత. సుమారు 45,000 మందికి పైగా పోయారు, తిరిగొచ్చింది 2,000 లోపు. ముందు చచ్చినవాళ్ళను ఊరి నుంచి తీసేసి, తర్వాత బతికున్నవాళ్ళను తీసేశారన్న వరస పాఠకుడికి తెలియాలి. నువ్వు విశేషణాలు వాడనవసరం లేదు.

తెలుగు పాఠకుడి కోసం ఎక్కడైనా మన దేశాన్ని కలపనా అని అడిగావు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ రంగానికి వచ్చి చనిపోయిన భారతీయ సైనికుల శ్మశానవాటిక మొనాస్టిర్ రోడ్డులో ఉంది. దాన్ని 1917 పక్కన ఒక్క పేరాలో చెప్పు. అంతకుమించి లాగితే అతుకులు కనబడతాయి.

ఆధారాల మాట ఒకటి. ఊరి పతనాలను రాసిన కమినియాటిస్ (904), యుస్తాథియస్ (1185లో నార్మన్ల దాడి), అనగ్నొస్తిస్ (1430) ముగ్గురూ చర్చి మనుషులే, పతనానికి కారణం అడిగితే జనం చేసిన పాపమంటారు. వాళ్ళ కారణాలను పక్కన పెట్టి, ఏం చూశారన్నది తీసుకో. పన్నుల పుస్తకం పాపం గురించి మాట్లాడదు, కానీ పన్ను కట్టని మనిషి దానికి కనబడడు. రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకుని రాయి.

వెనిస్ అధ్యాయం మొత్తం తీసేసి మూడు పేరాలుగా 1430లో కలిపెయ్యి. 1978 భూకంపం, 2024లో మెట్రో మొదలవడం, తవ్వకాల్లో బయటపడ్డ పాత రహదారిని పెకలించి మళ్ళీ అమర్చడం మీద నడిచిన తగాదా ఇవన్నీ చివర్లో కలిపావు. తగాదా ఉంచు, మిగతావి కత్తిరించు. పెన్సిలు గుర్తులతో రాతప్రతి వెనక్కి పంపుతున్నాను. ముందు 1478 నుంచి 1520 దాకా అధ్యాయం తిరగరాసి పంపు, మిగతావి అది చదివాక మాట్లాడుకుందాం.