పెరట్లో కట్టిన పడవ

ప్రశ్న: మా అబ్బాయి జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో పడవల స్పీడు రికార్డు 1978 నాటిదని ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కరూ దాన్ని దాటలేదా మాస్టారూ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. 1978 అక్టోబరు 8న ఆస్ట్రేలియాలోని బ్లోవరింగ్ డ్యామ్ నీళ్ల మీద కెన్ వార్బీ గంటకు 511 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అప్పటి నుంచి అదే రికార్డు.

మా అమ్మాయి సిడ్నీలో ఉంటుంది. అక్కడికెళ్లినప్పుడు డార్లింగ్ హార్బర్ మ్యూజియంలో ఆ ‘స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా’ను చూశాను. చెక్క పడవ! పాలిటెక్నిక్‌లో ముప్పయ్యేళ్లు మెకానికల్ పాఠాలు చెప్పిన నాకే నోట మాట రాలేదు. వార్బీ పవర్ టూల్స్ అమ్మే సేల్స్‌మన్. షెడ్డు కూడా లేదు. ఇంటి పెరట్లోనే కట్టాడు, వానొస్తే పైన టార్పాలిన్ కప్పేవాడు. (మా ఇంట్లో అయితే వారం తిరిగేలోపు అది పాత సామాన్లవాడి బండెక్కేది.) ఇంజను వైమానిక దళం వదిలించుకున్న పాత జెట్ ఇంజను, వేలంలో చవగ్గా దొరికింది. డబ్బుకి ఇబ్బంది అయితే బొమ్మలు గీసి అమ్మేవాడు.

అంటే ఇంజనుకీ డబ్బుకీ కొదవై రికార్డు ఆగిపోలేదన్నమాట. అసలు చిక్కు గాలితో. అంత స్పీడులో పడవ నీళ్లలో మునిగి ఉండదు. ముందు రెండు పక్కలా, వెనక ఒకచోట, నీటిని రాసుకుంటూ పోతుందంతే. కింద గాలి దూరుతుంది. వేగం రెట్టింపైతే ఆ గాలి పైకి నెట్టే బలం నాలుగింతలవుతుంది. ముక్కు ఓ హద్దు దాటి లేచిందంటే ఇక దించడం ఎవరి తరమూ కాదు. తుపానులో రేకు అంచు కాస్త లేస్తే ఏమవుతుందో కాకినాడవాళ్లకి నేను చెప్పాలా?

వార్బీకి ముందు ఇదే రికార్డు కోసం పోటీపడ్డ బ్రిటన్‌వాడు డొనాల్డ్ క్యాంప్‌బెల్ అలాగే పోయాడు. 1967 జనవరి 4, ఇంగ్లండులోని కొనిస్టన్ సరస్సు. ఒకే కిలోమీటరును గంటలోపు అటూ ఇటూ నడిపితే, ఆ రెండింటి సగటే రికార్డు. వెళ్లేటప్పుడు గంటకు 297 మైళ్ల (సుమారు 478 కిలోమీటర్ల) వేగం వచ్చింది. నీళ్లు సద్దుమణిగేదాకా ఆగకుండా వెంటనే వెనక్కి తిప్పాడు. కిలోమీటరు పూర్తికాకుండానే ఆయన పడవ ‘బ్లూబర్డ్’ ముక్కు లేచి, గాల్లో పల్టీ కొట్టింది. ఆయన శవం 2001లో గానీ దొరకలేదు.

అదే ఏడు అమెరికాలో లీ టేలర్ 285 మైళ్లతో (సుమారు 459 కిలోమీటర్లు) రికార్డు కొట్టాడు. పదేళ్ల తర్వాత దాన్ని లాక్కున్నది వార్బీయే. తిరిగి సంపాదించుకుందామని 1980లో టాహో సరస్సుకు వెళ్లి టేలర్ ప్రాణం పోగొట్టుకున్నాడు. 1989లో ఫ్లోరిడాలో క్రెయిగ్ ఆర్ఫన్స్‌దీ అదే గతి. ఆ తర్వాత డబ్బు పెట్టేవాళ్లు వెనకడుగు వేస్తే తప్పు పట్టలేం.

వార్బీ మాత్రం 83 ఏళ్లు బతికి 2023లో పోయాడు. అంతకుముందే కొడుకు డేవ్‌తో కలిసి ఇంకో పడవ కట్టాడు.

మీవాడికి ఓ పని చెప్పండి. టేబుల్ ఫ్యాను ఫుల్‌లో పెట్టి, ఎదురుగా ఓ అట్టముక్కను నేలకు సమంగా, వెనక అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకోమనండి. తర్వాత ముందు అంచు కొద్దిగా ఎత్తమనండి. అట్ట చేతిలో నిలిస్తే నాకు మళ్లీ ఉత్తరం రాయండి.