ముడిచమురు పెరిగితే ఎవరి జేబు నిండుతుంది?

చిరంజీవి మేనల్లుడికి,

హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఆ పెద్ద ఇన్వెస్టరు ఇంటర్వ్యూ మొత్తం విన్నాను. చమురు, సుంకాలు, చైనా, రష్యా, డాలరు అంటూ గంటసేపట్లో ప్రపంచమంతా చుట్టి వచ్చాడు. తెలివైనవాడే, అందులో సందేహం లేదు. చివర్లో ‘రాబోయే పదేళ్లు ఇంధన రంగానివే’ అన్నాడు. నువ్వు ఆ ఒక్క మాట పట్టుకుని, బోనసు డబ్బంతా ఆయిల్ కంపెనీల షేర్లలో పెట్టనా అని అడుగుతున్నావు. వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. విన్నాక కూడా పెట్టాలనిపిస్తే అది నీ కష్టార్జితం, నీ ఇష్టం.

ఆయన చెప్పిందంతా జరుగుతుందనే అనుకుందాం. చమురు ధర పెరుగుతుందనే అనుకుందాం. అయినా ధర పెరగడం వేరు, నువ్వు కొన్న కంపెనీకి లాభం రావడం వేరు. మన దేశంలో ఈ రెండింటి మధ్య ఎప్పుడూ ప్రభుత్వం ఉంటుంది. ఆ ఇంటర్వ్యూలో నాకు వినిపించనిది ఈ సంగతే.

2022 గుర్తు తెచ్చుకో. ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద దాడికి దిగింది. రెండు వారాలు తిరగకముందే, ప్రపంచ మార్కెట్లో ధరకు కొలమానంగా చూసే బ్రెంట్ ముడిచమురు బ్యారెల్ 139 డాలర్లను తాకి వచ్చింది. అప్పట్లో షేర్ల సంగతి కాస్త తెలిసిన ప్రతివాడూ ఆయిల్ కంపెనీలు కొనమన్నవాడే. ఏం జరిగింది? అంతకుముందు నవంబరు నుంచి బంకుల్లో ధర కదలలేదు. అయిదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చాక, మార్చి 22న గానీ పెంపు మొదలుకాలేదు. ఏప్రిల్ మొదటి వారానికల్లా అదీ ఆగిపోయింది. కంపెనీలు కొన్నది మండే ధరకు, అమ్మింది కట్టేసిన ధరకు. ఆ ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం మూడూ కలిసి 18 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం చూపించాయి.

సరే, అమ్మేవాళ్లు మునిగితే తవ్వేవాళ్లయినా తేలాలి కదా అంటావు. జులై 1న కేంద్రం దేశంలో తీసే ముడిచమురు మీద టన్నుకు 23,250 రూపాయల అదనపు పన్ను వేసింది. ఆ ఒక్కరోజే ఓఎన్‌జీసీ షేరు 13 శాతం పడిపోయింది. డీజిల్, పెట్రోలు ఎగుమతుల మీద కూడా సుంకం పడేసరికి రిలయన్స్ 7 శాతం జారింది. మళ్లీ 2023-24లో చూడు. ముడిచమురు చల్లబడింది, బంకుల్లో ధర మాత్రం ఏడాదిలో చాలా భాగం అలాగే ఉండిపోయింది. నష్టాల్లో ఉన్న ఆ మూడు కంపెనీలే ఆ ఏడాది కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం గడించాయి. చమురు మండినప్పుడు నష్టం, చల్లారినప్పుడు లాభం! ఆ ఇన్వెస్టరు జోస్యం అక్షరాలా నిజమైనా నువ్వు నష్టపోవచ్చని అందుకే అంటున్నాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో జెండా పాట నీకు కొత్త కాదు, చిన్నప్పుడు నా వెంట వచ్చి చూసినవాడివే. మేలైన సరుకున్న మిర్చి రాశికి పాట కట్టి ధర పలుకుతారు, మర్నాడు పేపర్లో అచ్చయ్యేది ఆ ధరే. దాన్ని చూసుకుని బండి కట్టిన రైతుకు తేమ ఉందని కొంత, రంగు తగ్గిందని కొంత, తాలు కాయ కలిసిందని మరికొంత కోత పడుతుంది. చివరికి తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలో, రాసే ధర వేరు. టీవీలో చూపించే బ్రెంట్ ధర కూడా అలాంటి జెండా పాటే. కంపెనీ చేతికి వచ్చేదేమిటో విడిగా చూసుకోవాలి.

కరెంటు సంగతి ఇంకా వేరు. రామగుండంలో ఎన్‌టీపీసీ చిమ్నీలు చూసి బొగ్గు ధర పెరిగితే ఆ కంపెనీకి దెబ్బ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. అక్కడ తయారయ్యే కరెంటు ధరను కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. బొగ్గు ఖర్చు ఆ కరెంటు కొనే డిస్కంల మీదికే, అంటే పంపిణీ సంస్థల మీదికే పోతుంది. కంపెనీ పెట్టిన సొంత పెట్టుబడి మీద రాబడి ఇంతని నియమం ఉంది, థర్మల్ కేంద్రాలకు చాలాకాలంగా అది 15.5 శాతం. కాబట్టి అక్కడ అడగవలసిన ప్రశ్న బొగ్గు ధర గురించి కాదు, డిస్కంలు బిల్లులు సమయానికి కడుతున్నాయా అని. 2022లో బకాయిలు లక్ష కోట్లు దాటిపోయి, వాయిదాల్లో కట్టించడానికి కేంద్రం ప్రత్యేకంగా నిబంధనలే తేవలసి వచ్చింది. ఇక మన సింగరేణి షేరు కొందామన్నా దొరకదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. దొరకకపోవడమే మంచిదేమో, దొరికితే జిల్లా అభిమానం కొద్దీ సగం ఊరు అందులోనే పెట్టేది.

వాణిజ్యం గురించి ఆయన చెప్పిన దాంట్లో ఒకటి నాకు నచ్చింది: సుంకం ఎవరి మీద వేశారో వాళ్లొక్కరే దాన్ని మోయరు అన్నాడు. దానికి సాక్ష్యం కావాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు, మా పత్తి యార్డు చాలు. యుద్ధానికి ముందు మనం దిగుమతి చేసుకునే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. తర్వాత చవకగా ఇస్తున్నారని కొని కొని మూడో వంతు దాటించాం. రిఫైనరీలు బాగానే సంపాదించాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం, రష్యా చమురు కొంటున్నందుకని మరో 25 శాతం, మొత్తం 50 శాతం సుంకం వేసింది. దెబ్బ తగిలింది ఎవరికి? చమురు శుద్ధి చేసినవాడికి కాదు, బట్టలు కుట్టి పంపే తిరుప్పూరు వాడికి. వస్త్ర పరిశ్రమకు ఊరటగా కేంద్రం దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఆ నెలలోనే ఎత్తేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరుకు పొడిగించారు.

మా దగ్గర కొత్త పత్తి దిగేది సరిగ్గా ఆ మధ్యలోనే. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. నూలు మిల్లులకు బయటి పత్తి చవకగా దొరుకుతుంటే, వాళ్లకు అమ్ముకునే మా జిన్నింగు మిల్లువాడు ఆ ధర ఎందుకు పెడతాడు? కేంద్రం పత్తి సంస్థ సీసీఐ కొంటుంది, కానీ తేమ 12 శాతం దాటితే తీసుకోదు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వరంగల్‌ను ముంచేసింది. చేలో తడిసిన పత్తిని ఆరబోయడానికి చోటు లేక రైతు బయటి వ్యాపారి అడిగినంతకే తెగనమ్ముకున్నాడు. మాస్కోలో కొన్న నూనెకు గీసుకొండ రైతు బిల్లు కట్టాడు. ఇంత పొడుగు గొలుసును ముందే ఊహించి షేర్లు కొన్నవాడెవడైనా ఉంటే నాకు చూపించు, దండం పెడతాను. బియ్యం షేర్లదీ ఇదే వరస: 2023 జులైలో బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఒక్క ఉత్తర్వుతో ఆపేశారు, ఏడాది దాటాక మళ్లీ వదిలారు.

విదేశాంగ విధానం మీద ఆయన మాటలు మాత్రం కాస్త దూరంగా పెట్టుకుని విను. ఏ దేశం గెలవాలనుకుంటున్నాడో, ఏ దేశం గెలుస్తుందనుకుంటున్నాడో రెండూ కలిపేసి మాట్లాడాడు. తన చేతిలో ఏ షేర్లు ఉన్నాయో మాత్రం ఎక్కడా చెప్పలేదు, నువ్వు గమనించావా? యుద్ధ వార్త చూసి కొనడమంత చేటు ఇంకొకటి లేదు. 2025 జూన్ 22 ఆదివారం నాడు అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. సోమవారం తెల్లవారేసరికి బ్రెంట్ 80 డాలర్లు దాటింది. గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే హొర్ముజ్ జలసంధి మూసుకుపోతుంది, వంద ఖాయం అన్నారు. ఆ రాత్రికే 7 శాతం పడిపోయింది, మర్నాటికి కాల్పుల విరమణ. పొద్దున కొన్నవాడికి సాయంత్రం భోజనం సహించి ఉండదు.

‘చమురు చవకైతే ఇండియాకు పండగ’ అని కూడా అన్నాడు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి లెక్క ప్రకారం నిజమే. గల్ఫ్‌కు వలసపోయేవాళ్లున్న జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఆ మాట అని చూడమను. 2014లో వంద డాలర్ల పైన ఉన్న చమురు 2016 జనవరికి ముప్పై కిందికి దిగినప్పుడు గల్ఫ్‌లో కట్టడాల పనులు ఆగిపోయాయి. జీతం బాకీలు అక్కడే వదిలి తిరిగొచ్చినవాళ్లు ఆ వైపు ఊరూరా కనిపించేవారు. దేశానికి మంచిదంటే దేశంలో ఎవరికి అని అడగాలి. అడిగితేనే బంగారం కుదువ పెట్టుకునే కంపెనీ షేరు మీద, ఆ ఊళ్లలో ఇళ్ల స్థలాల మీద దాని ప్రభావం ఏమిటో అర్థమవుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం ఆజ్ఞ అనుకో. క్రూడ్ ఫ్యూచర్స్ జోలికి, అంటే ముడిచమురును ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టుకునే ఒప్పందాల జోలికి పోవద్దు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు కాంట్రాక్టు సున్నా దాటి మైనస్ 37 డాలర్లకు పడింది. ఇలాంటి ఒప్పందాలు నడిపే మన ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్ దాన్ని బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల చొప్పున పరిష్కరించింది. ‘సున్నా కంటే ఎక్కడికి పడుతుంది’ అనుకున్నవాళ్లు పెట్టింది పోగొట్టుకుని, ఎదురు కట్టవలసి వచ్చింది.

నీ బోనసు సంగతికి వస్తాను. నువ్వు నెలనెలా కడుతున్న, యాభై పెద్ద కంపెనీల షేర్లుండే నిఫ్టీ ఫండులో రిలయన్స్, ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ, కోల్ ఇండియా, పవర్ గ్రిడ్ అన్నీ ఉన్నాయి. అంటే ఆయన కొనమన్న రంగం నీ దగ్గర ఇప్పటికే ఉంది. బోనసులో సగం ఇంటి అప్పుకు కట్టు, మిగతాది ఆ ఫండులోకే పంపు. మోజు తీరకపోతే పదో వంతు మించకుండా ఒక ఇంధన కంపెనీలో పెట్టు. పెట్టే ముందు ఆ కంపెనీ వార్షిక నివేదికలో రావలసిన బకాయిలు ఎంతో, డివిడెండు ఇవ్వడానికి అప్పు తెచ్చిందేమో చూసి, ఆ రెండు పేజీలూ ఫోటో తీసి నాకు పంపించు. ఆదివారం తీరిగ్గా ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య