తల్లే పిల్లల ఈకలు పీకేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా దగ్గర ఒక బడ్జీల (పంజరంలో పెంచే చిన్న చిలకల) జంట ఉంది. ఈసారి నాలుగు పిల్లలయ్యాయి. అన్నిటికన్నా పెద్దదానికి ఇప్పుడు 26 రోజులు, చిన్నదానికి 19. మూడు రోజుల కిందట చూస్తే పెద్దదాని మెడ వెనక, వీపు మీద ఈకలు లేవు. నిన్నటికి రెండోదానికీ అదే పరిస్థితి. పురుగేమో అనుకున్నాను, కానీ ఈరోజు పొద్దున నా కళ్ళముందే తల్లి ఒక ఈక పీకి కింద పడేసింది. మేత మాత్రం మామూలుగానే పెడుతోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. పిల్లల్ని తీసేయాలా, తల్లిని తీసేయాలా?

జవాబు: తల్లిని తీయండి, అదీ ఈరోజే. ఆ పని చేసి వచ్చాక మిగతాది చదవండి.

ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. బడ్జీ పిల్లలు పెద్దవై గూడు దాటే వయసుకు, అంటే 30, 35 రోజులకు దగ్గరపడేసరికి, చాలా తల్లులకు మళ్ళీ గుడ్లు పెట్టే తొందర మొదలవుతుంది. గూట్లో చోటు కావాలి, అక్కడేమో ఎదిగిన పిల్లలు కూర్చుని ఉంటాయి. పొమ్మన్నా పోలేవు కాబట్టి ముక్కుతో పొడుస్తుంది, మెడ మీద, వీపు మీద పీకుతుంది. మీకు ఈ వారమే మొదలవడానికి కారణం అదే అయ్యుంటుంది. గూడు మరీ ఇరుకైనా, పోషణ చాలకపోయినా, పురుగు పట్టినా పీకుతాయి, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా అలవాటుగానూ పీకుతాయి. కారణం తర్వాతైనా వెతుక్కోవచ్చు, ఈకలు పోవడం మాత్రం ఆగదు.

పెరిగే ఈకలో రక్తం ఉంటుంది. వీపు మీద మొలుస్తున్న ఈకలను దగ్గరగా చూడండి, మొదలు నీలంగా, సన్నటి గొట్టంలా కనబడుతుంది. దాన్ని పీకితే రక్తం కారుతుంది. పెద్ద బడ్జీయే 30, 40 గ్రాములుంటుంది, పిల్ల ఒంట్లో ఉండే రక్తం ఎంతని! ఎక్కడైనా కారుతుంటే శుభ్రమైన దూదికి కొంచెం కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు మూడు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టుకోండి, అయినా ఆగకపోతే ఆలస్యం చేయకుండా పక్షుల డాక్టరు దగ్గరికి. మొదట్లో నేను "ఒకటి రెండు రోజుల్లో అదే మానేస్తుందిలే" అని చూస్తూ కూర్చున్నాను, మూడో రోజు పొద్దున గూడు తెరిస్తే ఒక పిల్ల వీపంతా ఎండిన రక్తం, బతకలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తల్లిని తీస్తే పిల్లలు ఆకలితో చస్తాయేమో అని భయపడుతున్నారు కదా? బడ్జీ తండ్రులు ఈ వయసు పిల్లల్ని చాలావరకు ఒంటిచేత్తో పెంచేస్తాయి. మీ చిన్నదానికి కూడా 19 రోజులు, ఈకలు మొలుస్తున్నాయి, అన్నలూ అక్కలూ పక్కనే ఉన్నాయి కాబట్టి వెచ్చదనానికి ఢోకా లేదు. అన్నీ వారం రోజుల పిల్లలైతే ఈ మాట చెప్పేవాణ్ణి కాదు, ఎందుకంటే బడ్జీల్లో పిల్లల మీద కూర్చుని వెచ్చబెట్టేది తల్లి ఒక్కటే. అలాంటప్పుడు అదే వయసు పిల్లలున్న ఇంకో గూట్లోకి మార్చడం మేలు.

తల్లిని వేరే పంజరంలో పెట్టండి, అందులో గూడు పెట్టకండి, కటిల్ బోన్ (సున్నం కోసం పక్షులు కొరికే తెల్లటి గుల్ల) పెట్టండి, ఎందుకంటే ఆవిడ ఈపాటికే గుడ్లకు సిద్ధమవుతుండొచ్చు. తండ్రికి గింజలతో పాటు మెత్తటి మేత కూడా ఇవ్వండి, ఉడకబెట్టిన గుడ్డు, మొలకెత్తిన గింజలు లాంటివి. ఇక రాత్రి దీపం ఆర్పే ముందు ప్రతి పిల్లనీ ఒకసారి చేతిలోకి తీసుకుని మెడ కింద తిత్తి (మింగిన మేత ముందుగా నిలిచే సంచి) చూడండి. తండ్రి పెడుతుంటే అది గుండ్రంగా ఉబ్బి, పల్చటి చర్మం కింద గింజలు కూడా కనబడతాయి. ఒకదాని తిత్తి ఖాళీగా ఉంటే ఆ పిల్లకు చేత్తో మేత తినిపించాల్సిందే. పిల్లల మేత పిండిని 39 నుంచి 41 డిగ్రీల మధ్య వేడిలో కలపాలి, థర్మామీటరుతో చూసి మరీ. ఎక్కువైతే తిత్తి లోపల కాలిపోతుంది, చల్లారితే అరగక అక్కడే పులుస్తుంది. ఎప్పుడూ చేయనివారు మొదటిసారి ఎవరైనా చూపించగా నేర్చుకోండి, మేత ఊపిరి గొట్టంలోకి పోతే పిల్ల దక్కదు.

రెండు రోజులయ్యాక కూడా కొత్తగా బోసి మచ్చలు కనబడితే పీకేది తండ్రి కూడానని అర్థం, అప్పుడు పిల్లల్ని మీరే పెంచుకోవాలి. ఇక తల్లిని, పిల్లలు వాటంతట అవి గింజలు ఒలుచుకు తినేదాకా, అంటే ఇంచుమించు ఆరు వారాలు నిండేదాకా, వెనక్కి కలపకండి. కలిపాక గూడు తీసేయండి, కొన్ని నెలలు ఇద్దరికీ విశ్రాంతి కావాలి. మళ్ళీ జత కట్టించినా ఇదే చేస్తే ఆ జంటతో ఇక పిల్లలు తీయించకండి, నేనైతే తీయించను.

ప్రశ్న: మా కాకటీల్ (తల మీద కుచ్చున్న చిలక) జంటలో పీకేది తండ్రి. పిల్లలకు 16 రోజులు. వాణ్ణి తీస్తే తల్లి ఒక్కతే చూసుకోగలదా?

జవాబు: చూసుకుంటుంది. కాకటీల్స్‌లో పొదగడం ఇద్దరి పని, మామూలుగా పగలు మగది, రాత్రి ఆడది కూర్చుంటాయి, కాబట్టి ఆ పని తల్లికి కొత్త కాదు. పంజరం పెద్దదైతే మధ్యలో వల అడ్డం పెట్టి తండ్రిని అవతల ఉంచండి. తల్లి మేత, నీళ్ళు గూటి పక్కనే అందేలా పెట్టండి, పిల్లలు మూడుకు మించి ఉంటే రాత్రిపూట తిత్తి చూడడం మాత్రం మానొద్దు.

ప్రశ్న: పీకిన ఈకలు మళ్ళీ వస్తాయా? ఇది రోగం కాదని ఎలా తెలుస్తుంది?

జవాబు: వేరుతో సహా ఊడిన ఈక చోట రెండు వారాల్లో కొత్త మొలక కనబడడం మొదలవుతుంది. ఒకే చోట పదేపదే పీకితే వేరు పాడై ఆ చోట ఎప్పటికీ రాకపోవచ్చు. రోగం సంగతికొస్తే, పెద్ద పక్షి పీకినప్పుడు తల, మెడ, వీపు బోసిపోతాయి, రెక్క ఈకలు చాలావరకు బాగానే ఉంటాయి. అలా కాకుండా గూడు దాటే వయసులో రెండు రెక్కల పెద్ద ఈకలూ తోక ఈకలూ వాటంతట అవే ఊడుతూ, ఊడిన ఈక మొదట్లో నల్లగా ఎండిన రక్తం కనబడితే అది వైరస్ వల్ల కావచ్చు. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. పరీక్ష చేయించేదాకా ఆ పిల్లను ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లోకి కొత్త పక్షినీ తేకండి.